ఆగిపోయిన బెంచ్ ప్రెస్ మళ్లీ కదలాలంటే: పారా పవర్‌లిఫ్టర్లకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, 110 దగ్గర ఆగిపోయినా. ఆరు నెలలైంది, ఒక్క కిలో పెరగలా. ఇంకేం తినాల?" కర్నూలు, అనంతపురం, కడప జిమ్ముల నుంచి వచ్చే ప్రశ్నల్లో సగం ఇలాగే ఉంటాయి.

తిండి సంగతి కూడా చెప్తాను, కానీ మొదట చూడాల్సింది అది కాదు. పారా పవర్‌లిఫ్టింగ్‌లో ఉన్నది బెంచ్ ప్రెస్ ఒక్కటే. కాళ్లు కూడా బెంచ్ మీదే చాపి ఉంటాయి. పాదాలు నేలకు తన్నిపెట్టి తెచ్చుకునే బలం మనకు ఉండదు. శరీరం బెంచ్ మీద కదలకుండా కుదురుకుంటేనే, భుజాలు నొప్పి లేకుండా ఉంటేనే ఆ లోటు తీరుతుంది. బరువు ఆగిపోయినవాళ్లలో చాలామందికి లోపం ఛాతీ కండల్లో కాదు, ఈ రెండింట్లోనే ఉంటుంది. అందుకే ఈ వరుసలో రాస్తున్నాను. కనీసం ఏడాదిగా బెంచ్ ప్రెస్ చేస్తున్నవాళ్ల కోసం ఇది. మధ్యలోంచి మొదలుపెట్టకండి.

## 1. మీ శరీరం లెక్క ముందు రాసుకోండి

వరల్డ్ పారా పవర్‌లిఫ్టింగ్ నిబంధనల్లో ఎనిమిది రకాల శారీరక వైకల్యాలకు అర్హత ఉంది: కండరాల బలం తగ్గడం, కీళ్లు పూర్తిగా కదలకపోవడం, అవయవం లేకపోవడం, కాళ్ల పొడవులో తేడా, పొట్టితనం, కండరాలు బిగుసుకుపోవడం, కదలికల్లో తూలు, ఆపుకోలేని కదలికలు. చూపు, వినికిడి, బుద్ధికి సంబంధించిన వైకల్యాలు ఈ ఆటలోకి రావు.

అర్హత వచ్చాక అందరూ ఒకే క్లాసు. పోలియో అయినా, కాలు తీసేసినా, వెన్నుపాము దెబ్బ అయినా శరీర బరువు కేటగిరీని బట్టే పోటీ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సదరం సర్టిఫికెట్‌లో (వైకల్య శాతం చూపే ప్రభుత్వ పత్రం) 40 శాతమో 70 శాతమో ఉంటే ఆటలో అర్హత దానంతటదే రాదు. క్రీడా వర్గీకరణ వేరే పరీక్ష. దాన్ని చేసేవాళ్లూ వేరే. మోచేతులు చాపగలగడం కూడా అందులో చూస్తారు. మోచేయి పూర్తిగా చాచుకోకపోతే ఆ సంగతి వర్గీకరణప్పుడే చెప్పి రికార్డుల్లోకి ఎక్కించుకోండి. లేకపోతే పోటీలో మోచెయ్యి బిగించలేదు, లిఫ్ట్ చెల్లదని రిఫరీలు ఎర్రలైటు వేస్తారు.

ఇప్పుడు మీకు వర్తించేది చూసుకోండి.

పోలియో. వెన్ను వంకర, ఒక భుజం కిందికి ఉండటం మామూలే. బార్ ఒక పక్క ముందు లేస్తుంది, ఇంకో పక్క వెనకబడుతుంది. ఇంకో సంగతి, పోలియో తగిలిన కండరాన్ని పడిపోయేదాకా అలిసిపోనిస్తే అది బలపడే బదులు బలహీనపడవచ్చు. ముప్ఫై దాటినవాళ్లకు కొత్తగా నీరసం, కొత్త కండరంలో బలహీనత కనిపిస్తే సెట్లు తగ్గించి డాక్టర్‌ని కలవండి.

వెన్నుపాము దెబ్బ. దెబ్బ ఎంత పైన తగిలితే పొట్ట, పక్కటెముకల కండరాలు అంత తక్కువ పనిచేస్తాయి. గాలి పీల్చి నడుము బిగించడం కష్టమవుతుంది. స్పర్శ లేని చోట చర్మం నలిగినా తెలీదు. చెమట కూడా సరిగా పట్టదు.

కాలు లేకపోవడం. బెంచ్ మీద తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది. పోటీ తూకంలో లేని భాగానికి నిబంధనల పట్టిక ప్రకారం కొంత బరువు కలుపుతారు. కేటగిరీ ఎంచుకునే ముందే ఆ లెక్క వేసుకోండి.

సెరిబ్రల్ పాల్సీ. తొందర, చలి, పెద్ద శబ్దం కండరాల బిగువును పెంచుతాయి. వార్మప్‌కు ఎక్కువ సమయం కావాలి.

పొట్టితనం. బార్ ప్రయాణించే దూరం తక్కువ, అది లాభమే. కానీ జిమ్ముల్లో ర్యాక్ ఎత్తు సరిపోక, బార్ అందుకునేటప్పుడే భుజం లేచిపోతుంది.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఇవి రాయండి:

- వైకల్యం ఏమిటి, ఏ వైపు ఎక్కువ
- మోచేతులు రెండూ పూర్తిగా చాచుకుంటాయా
- స్పర్శ లేని భాగాలు ఏవి
- రోజూ వాడే మందులు
- నడక దేనితో: వీల్‌చైర్, కాలిపర్, చంకకర్రలు, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి

## 2. బెంచ్, స్ట్రాప్, ర్యాక్

పోటీ బెంచ్ సుమారు 2.1 మీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. తల వైపు సన్నబడి 30 సెంటీమీటర్లకు వస్తుంది. మామూలు జిమ్ బెంచ్ పొడవూ తక్కువే, వెడల్పూ తక్కువే. దాని మీద కాళ్లు పక్కకు జారుతుంటే వాటిని ఆపడానికే సగం బలం పోతుంది.

పోటీ బెంచ్ కొనే స్తోమత లేకపోతే ఊళ్లో వెల్డింగ్ షాపుకు కొలతలు ఇవ్వండి. ఉన్న బెంచ్ కాళ్ల వైపు అదే ఎత్తులో ఇనుప ఫ్రేమ్, దాని మీద ప్లైవుడ్, పైన గట్టి ఫోమ్, రెగ్జిన్. రెండింటి మధ్య సందు లేకుండా బోల్టులతో బిగించాలి. మెత్తని పరుపులాంటి ఫోమ్ వద్దు. శరీరం అందులోకి దిగిపోతుంది.

స్ట్రాప్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కిలోలు ఇక్కడే పోతున్నాయి. చాలామంది స్ట్రాప్‌ను కాళ్లు పడిపోకుండా ఆపే తాడులాగా చూస్తారు, వదులుగా కడతారు. అది తుంటిని బెంచ్‌కు కలిపే సాధనం. సాధారణంగా తొడల మధ్యన ఒకటి, మోకాలి కింద పిక్కల మీద ఒకటి బాగా పనిచేస్తాయి. కాలు పై భాగం వరకే ఉన్నవాళ్లకు తొడ మీది స్ట్రాప్ ఒక్కటే ఆధారం. ఎన్ని కట్టవచ్చో, ఎక్కడ కట్టవచ్చో పోటీ నిబంధనల్లో చూసుకుని ప్రాక్టీస్‌లోనూ అలాగే కట్టండి.

బిగువు సరిచూసే పద్ధతి: స్ట్రాప్ కట్టాక ఇద్దరు తొడలను పక్కలకు నెట్టాలి. తుంటి కదిలితే వదులుగా ఉన్నట్టే. స్ట్రాప్ కింద రెండు వేళ్లు కష్టంగా దూరితే సరిపోతుంది.

స్పర్శ లేనివాళ్లు స్ట్రాప్ కింద మడత లేని తువ్వాలు వేసుకోండి. జేబులో తాళాలు, ప్యాంటు వెనక బటన్లు ఉండకూడదు. ప్రాక్టీస్ అయ్యాక అద్దం పెట్టి చర్మం చూడండి. అరగంట తర్వాత కూడా ఎర్రమచ్చ పోకపోతే ఆ చోట ఒత్తిడి పడకుండా చూసుకోండి, అది తగ్గేదాకా స్ట్రాప్ చోటు మార్చండి. పుండు పడితే వారాల తరబడి మంచం మీదే.

## 3. బెంచ్ మీద కుదురుకునే వరుస

ప్రతి సెట్‌కూ ఇదే వరుస. 20 కిలోల ఖాళీ బార్‌తో చేసినా ఇదే.

1. వీల్‌చైర్ బ్రేకులు వేసి, బెంచ్‌కు ఆనించి, భుజాల మీద పూర్తి బరువు పడకుండా ఇంకొకరి సాయంతో మారండి. రోజూ పదిసార్లు సొంతంగా ఎగిరి కూర్చోవడం గొప్ప కాదు. ఆ బలం ప్రెస్‌కు దాచుకోండి.
2. పడుకోండి. కళ్లు బార్‌కు సరిగ్గా కింద ఉండాలి.
3. తుంటి సమంగా ఉందో చూడమని తోటివాళ్లను అడగండి. ఒరిగి ఉంటే ప్రాక్టీస్‌లో సన్నని మడత తువ్వాలుతో సరిచేసుకోవచ్చు. పోటీలో అనుమతి ఉందో లేదో ముందే అధికారిని అడగాలి.
4. స్ట్రాపులు కట్టించుకోండి. ముందు తొడ, తర్వాత పిక్క.
5. ఇప్పుడు భుజం రెక్కలు రెండూ వెనక్కి లాగి, నడుము వైపు దించండి. వీపు పై భాగం బెంచ్‌ను గట్టిగా నొక్కాలి. ఛాతీ లేస్తుంది.
6. తల, వీపు పై భాగం, పిరుదులు, కాళ్లు బెంచ్‌ను వదలకూడదు. నడుము దగ్గర వంపు ఉండొచ్చు.
7. గ్రిప్ పట్టి, గాలి నింపి, బార్ అందుకోండి.

కాళ్లు కట్టాకే రెక్కలు బిగించాలి. ముందు రెక్కలు బిగించి తర్వాత స్ట్రాప్ కట్టించుకుంటే, కట్టేవాళ్లు లాగిన లాగుడికి ఆ బిగువంతా పోతుంది. ఈ తిరగేసిన వరుస చాలా జిమ్ముల్లో చూస్తున్నాను.

## 4. గ్రిప్, దించడం, ఆపడం, నెట్టడం

రెండు చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్లు మించకూడదు. అందరికీ అంత వెడల్పు అక్కర్లేదు. భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. బార్ ఛాతీని తాకినప్పుడు ముంజేతులు నిట్టనిలువుగా ఉంటే అదే మీ గ్రిప్. వెడల్పు పెంచితే బార్ ప్రయాణించే దూరం తగ్గుతుంది, భుజం ముందు భాగానికి ఒత్తిడి పెరుగుతుంది. వీల్‌చైర్ తోసేవాళ్ల భుజాలు ఇప్పటికే అలసి ఉంటాయి, కాబట్టి వాళ్లు కాస్త లోపలి గ్రిప్ తీసుకోవడమే మేలు.

బార్‌ను అదుపులో దించాలి. రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు చాలు. రొమ్ము ఎముక కింది భాగం దగ్గర తాకించండి. అక్కడ కదలకుండా ఆపాలి. రిఫరీలకు ఆ ఆగడం కనపడాలి.

ఆపినప్పుడు గాలి వదిలేస్తే ఛాతీ కుంగుతుంది, బార్ కిందికి దిగుతుంది. అది తప్పు కిందికే వస్తుంది. ఇది పోవాలంటే 60 శాతం బరువుతో ఛాతీ మీద మూడు సెకన్లు ఆపి నెట్టడం వారానికోసారి చేయండి. పొట్ట కండరాలు పనిచేయనివాళ్లు గాలిని పొట్టలోకి కాకుండా ఛాతీ పై భాగంలోకి నింపడం నేర్చుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే విషయం డాక్టర్‌తో మాట్లాడాకే చేయాలి.

ఎర్రలైటు ఎందుకు పడుతుంది, ఏం చేయాలి:

- "స్టార్ట్" అనకముందే దించడం. ప్రాక్టీస్‌లో ఇంకొకరు కమాండ్ ఇవ్వాలి, అదీ ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా.
- ఛాతీ మీద ఆగకపోవడం, ఆగి కుంగడం. పైన చెప్పిన మూడు సెకన్ల పని.
- రెండు చేతులూ సమంగా లేవకపోవడం. తల వెనక ఫోన్ పెట్టి వీడియో తీయండి. వెనకబడే చేత్తో ముందు డంబెల్ ప్రెస్ చేసి, రెండో చేత్తో అన్నే రెప్స్ చేయండి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు.
- మధ్యలో బార్ కిందికి రావడం. బరువు ఎక్కువైంది లేదా బార్ పొట్ట వైపు వెళ్లింది. పైకి నెట్టేటప్పుడు కొంచెం కళ్ల వైపు రావాలి.
- "ర్యాక్" అనకముందే పెట్టేయడం. ప్రతి సెట్ చివరి రెప్‌లో ఒక సెకను ఆపి పెట్టండి.

## 5. భుజాలు కాపాడుకోండి

మామూలు లిఫ్టర్‌కు భుజం నొప్పి వస్తే బెంచ్ ఆపి కాళ్ల పని చేసుకుంటాడు. మనకు భుజం పోతే ఆటతో పాటు నడకా ఆగిపోతుంది. మంచం మీంచి కుర్చీలోకి మారడం కూడా భుజాలే చేయాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇంటి నుంచి జిమ్‌కు మూడు కిలోమీటర్లు చేత్తో తిప్పే బండి మీద, ఎదురు ఎత్తు రోడ్డు. వచ్చీరాగానే 90 శాతం బరువు వేస్తే అది వార్మప్ అయిన భుజం కాదు, అప్పటికే ఒక సెషన్ చేసిన భుజం. ఎక్కువ బరువు ఎత్తే రోజున మాత్రం ఆటోలోనో, పక్క చక్రాల స్కూటీ మీదో రండి. వీలుకాకపోతే ఇరవై నిమిషాలు ఆగి మొదలుపెట్టండి.

నియమం ఒకటే: ఎన్ని నెట్టుడు రెప్స్ చేస్తే కనీసం అన్ని లాగుడు రెప్స్ చేయాలి. బెంచ్ మీద బోర్లా పడుకుని డంబెల్ రో, కేబుల్ రో, బ్యాండ్‌తో ముఖం వైపు లాగడం, మోచేయి పక్కటెముకకు ఆనించి బ్యాండ్‌ను బయటికి తిప్పడం. చివరి రెండూ రోజూ చేసినా తప్పులేదు.

భుజం ముందు భాగంలో రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, చెయ్యి పైకెత్తితే పట్టేయడం ఉంటే రెండు వారాలు గ్రిప్ లోపలికి తెచ్చి, బరువు 70 శాతం లోపే ఉంచండి. అయినా తగ్గకపోతే పెద్దాసుపత్రి ఫిజియోథెరపీకి వెళ్లండి. నొప్పి బిళ్ల వేసుకుని బరువు ఎత్తొద్దు. బిళ్ల నొప్పిని దాస్తుంది కానీ భుజానికి తగిలే దెబ్బను ఆపదు.

## 6. వారం ప్లాన్

శాతాలన్నీ గత నెలన్నరలో కమాండ్‌తో, ఆపి ఎత్తిన గరిష్ఠ బరువు మీద లెక్క. ఛాతీకి కొట్టి ఎగరేసిన బరువు లెక్కలోకి రాదు.

- సోమవారం, బరువు రోజు: 80 నుంచి 88 శాతం, 5 సెట్లు, 3 రెప్స్. సెట్ల మధ్య 4 నిమిషాలు. తర్వాత రో 5 సెట్లు.
- బుధవారం, వేగం రోజు: 60 నుంచి 70 శాతం, 6 సెట్లు, 3 రెప్స్. ఆపి, తర్వాత వీలైనంత వేగంగా నెట్టాలి. మూడు సెకన్ల పని ఈ రోజే.
- శుక్రవారం, ఎక్కువ రెప్స్ రోజు: 70 నుంచి 77 శాతం, 4 సెట్లు, 6 రెప్స్. డంబెల్ ప్రెస్, చేతుల వెనక కండకు 3 సెట్లు, లాగుడు పని.

మూడు వారాలు సోమవారం బరువు కొద్దికొద్దిగా పెంచండి. నాలుగో వారం సెట్లు సగం చేయండి. ఆ వారం వదిలేసేవాళ్లే 110 దగ్గర ఆగిపోతున్నారు. గరిష్ఠ బరువు పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చాలు. ప్రతి ఆదివారం స్నేహితుల ముందు మ్యాక్స్ వేసే అలవాటు మానేయండి.

వార్మప్‌లోనే బార్ మామూలుకన్నా నెమ్మదిగా లేస్తుంటే ఆ రోజు 5 శాతం తగ్గించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు అసలు ఎత్తొద్దు.

## 7. తిండి, నీళ్లు, ఎండ

శరీర బరువు కిలోకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్. 65 కిలోల వ్యక్తికి 104 నుంచి 130 గ్రాములు. నాలుగు గుడ్లు, 150 గ్రాముల చికెన్, గుప్పెడు బుడ్డలు (వేరుశనగలు), ఉలవలో పప్పో ఒక పూట, పెరుగు, వాటితో సంగటి లేదా జొన్నరొట్టె తింటే కింది అంకె దగ్గరికి వచ్చేస్తారు. పొడి డబ్బా ఆ తర్వాతి మాట. మాంసం తిననివాళ్లు పనీర్, సోయా పెంచుకోవాలి.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బరువు రోజుకు రావడం మాత్రం కష్టమే. అందులో ప్రొటీన్ తక్కువ, నూనె ఎక్కువ. పక్కన రెండు గుడ్లు చేర్చండి, బజ్జీ ప్రాక్టీస్ తర్వాతకు వాయిదా వేయండి.

వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్లకు రోజుకు కావాల్సిన కేలరీలు తక్కువ. జిమ్ మిత్రుడి ప్లేటు చూసి తింటే కొవ్వు పెరిగి పై కేటగిరీలోకి పోతారు.

నీళ్ల విషయం గట్టిగా చెప్పాలి. జిమ్‌లో వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ ఉండదని ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేసేవాళ్లున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. నీళ్లు తగ్గితే బలం తగ్గుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో వారం ప్రాక్టీస్ పోతుంది. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడేవాళ్లు సమయం లెక్క వేసుకుని, వచ్చే ముందు ఖాళీ చేసుకుని, నీళ్లు తాగుతూనే ఉండండి. జిమ్ యజమానిని ఒక ర్యాంపు, ఒక కమోడ్, పట్టుకునే రాడ్ పెట్టించమని అడగండి. అందరూ కలిసి అడగండి, ఒక్కరే మొహమాటపడుతూ అడిగితే పని జరగదు.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలు. చెమట పట్టని శరీరం ఆ వేడిని బయటికి పంపలేదు. ప్రాక్టీస్ పొద్దున 7:30 లోపు ముగించండి. మెడ మీద తడి తువ్వాలు, ముఖానికి చేతులకు నీళ్లు చల్లుకునే స్ప్రే బాటిల్, ఫ్యాన్ కింద బెంచ్. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం మొదలైతే ఆపేయండి.

ప్రమాద సూచన. ఛాతీ మధ్య భాగం నుంచి పైన వెన్నుపాము దెబ్బ ఉన్నవాళ్లకు అకస్మాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమట వస్తే బీపీ ఒక్కసారిగా పెరిగినట్టు. నిండిన మూత్రాశయం, బిగుసుకున్న స్ట్రాప్, నలిగిన కాథెటర్ పైపు వల్ల ఇలా అవుతుంది. వెంటనే కూర్చోబెట్టండి, స్ట్రాపులు, బెల్టు విప్పండి, పైపు చూడండి, మూత్రం ఖాళీ చేయించండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఇది ప్రాణాపాయం. కావాలని బీపీ పెంచుకుని బలం తెచ్చుకోవడం పోటీ నిబంధనల్లో నిషేధం కూడా.

## 8. మందులు

బీపీకి, కాళ్ల వాపుకు ఇచ్చే నీరు పోయే బిళ్లలు నిషేధిత జాబితాలో ఉన్నాయి, పోటీ లేని రోజుల్లో కూడా. డాక్టర్ రాసిందే అయినా ముందుగా వైద్య మినహాయింపు తీసుకోవాలి. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో ప్రతి మందు పేరూ చూడండి. మందు మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోండి.

లేబుల్ లేని పొడులు, జిమ్‌లో చేతికిచ్చే ఇంజెక్షన్లు ముట్టొద్దు. క్రియాటిన్ నిషేధం కాదు, రోజుకు 3 నుంచి 5 గ్రాములు సరిపోతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి.

## 9. పోటీ రోజు

సంచిలో ఉండాల్సినవి:

- యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, క్రీడా రిజిస్ట్రేషన్ కాగితాలు
- వైద్య రిపోర్టులు, వాడే మందుల చీటీ
- షూస్, లోపల వేసుకునే మడత లేని బట్టలు
- కాథెటర్ సామాను రెండు సెట్లు
- నీళ్లు, అరటిపండ్లు, తువ్వాలు, స్ప్రే బాటిల్

రైల్లో దూరం వెళ్తే అరగంటకోసారి పిరుదుల మీద ఒత్తిడి మార్చుకోండి. ఒక రోజు ముందే చేరుకోండి. తూకం కోసం నీళ్లు మానేసి, తిండి మానేసి రెండు మూడు కిలోలు తగ్గించే పని చేయొద్దు. కేటగిరీ మారాలంటే ఆ నిర్ణయం మూడు నెలల ముందే తీసుకోవాలి.

మూడు ప్రయత్నాలే ఉంటాయి. మొదటిది ఒంట్లో బాగాలేని రోజు కూడా ఎత్తగలిగే బరువు, గరిష్ఠంలో 92 శాతం దగ్గర. రెండోది 97. మూడోది కొత్త రికార్డు. గరిష్ఠం 110 అయితే 102, 107, 111. మొదటి దానికి ముందు వార్మప్: ఖాళీ బార్ 10, 50 కిలోలు 5, 70 కిలోలు 3, 85 ఒకటి, 95 ఒకటి. చివరిది బెంచ్‌కు పిలిచే ఎనిమిది పది నిమిషాల ముందు అయిపోవాలి.

పేరు పిలిచాక లిఫ్ట్ మొదలుపెట్టడానికి రెండు నిమిషాలు. కుర్చీ నుంచి మారడం, స్ట్రాప్ కట్టుకోవడం అన్నీ అందులోనే. ప్రాక్టీస్‌లో గడియారం పెట్టి, కట్టేవాళ్లతో కలిసి ఈ మొత్తాన్ని నిమిషంన్నరలోపు తెచ్చుకోండి. కట్టేవాళ్లకు తొడ, పిక్క వరుస ముందే చెప్పండి. టెన్షన్‌లో వాళ్లూ తారుమారు చేస్తారు.

మొదటి లిఫ్ట్ టెక్నిక్ తప్పుతో పోతే రెండోసారి అదే బరువు అడగండి.

పోటీ అయిన రాత్రే చర్మం చూసుకోండి, మూడు లిఫ్ట్‌ల వీడియోలు చూసి లైట్లు ఎందుకు అలా పడ్డాయో నోట్‌బుక్‌లో రాయండి. తర్వాతి వారం బెంచ్ వద్దు. లాగుడు పని, బ్యాండ్లు మాత్రమే. ఎనిమిదో రోజు 60 శాతంతో, తొడ స్ట్రాప్ కట్టడంతో మళ్లీ మొదలుపెట్టండి.